కసాండ్రా నాటకంలో ఆమె దర్శనాలను వేదిక మీద చూపించాలా?

నమస్కారం. మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. మీ బృందంలోని ఒకరు కసాండ్రా మీద 70 నిమిషాల కొత్త తెలుగు నాటకం రాశారు. ట్రాయ్ నగరం కూలిన తర్వాత గ్రీకు సేనాధిపతి అగమెమ్నాన్ ఆ నగరపు రాజకుమార్తె కసాండ్రాను బందీగా పట్టి ఆర్గోస్‌లోని తన ఇంటికి తెచ్చిన రోజు మీదనే కథంతా నడుస్తుంది. జరగబోయేది కసాండ్రాకు ముందే కనిపిస్తుంది, కానీ ఆమె చెబితే ఎవరూ నమ్మరు. ఆ రోజే అగమెమ్నాన్‌ను అతడి భార్య క్లైటెమ్నెస్ట్రా స్నానపు తొట్టిలో చంపుతుంది, కసాండ్రానూ చంపుతుంది. నటులు ఆరుగురు, హాలులో కుర్చీలు 150. ఆమెకు కనిపించే భవిష్యత్తును ప్రొజెక్టర్‌తో వెనక తెర మీద చూపించాలా, గ్రీకు పురాణం తెలియని ప్రేక్షకులకు పూర్వకథ ఎంతవరకు చెప్పాలి, దుస్తులు ఏ కాలానివి వాడాలి అన్నవి మీ మూడు ప్రశ్నలు.

మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. దర్శనాలను చూపించకండి. ఆమె మాట వింటున్నవారిని చూపించండి. మిగిలిన రెండింటికీ జవాబు ఇందులో నుంచే వస్తుంది.

ఈ సంగతి నాకు తప్పు చేశాకే తెలిసింది. కసాండ్రా ప్రధాన పాత్రగా ఉన్న రెండు నాటకాలకు నేను దర్శకత్వం వహించాను. మొదటిసారి వెనక తెల్లగుడ్డ కట్టి, దాని మీద మంటలూ, కూలుతున్న కోటగోడలూ, స్నానపు తొట్టిలో ఎరుపెక్కుతున్న నీళ్లూ పడేలా చేశాము. ఆ దృశ్యాలు తయారు చేసిన యువకుడు నెల రోజులు కష్టపడ్డాడు, పని చక్కగా వచ్చింది కూడా. రెండో ప్రదర్శన నాడు నేను పక్క తెరల మధ్య నిలబడి, వేదికను వదిలేసి, ప్రేక్షకుల ముఖాలనే చూస్తూ ఉన్నాను. కసాండ్రా నోరు విప్పిన క్షణం నుంచి వాళ్ల చూపులన్నీ ఆమె తలకు నాలుగడుగుల పైన ఉన్న తెర మీదికి పోయాయి. గొంతు పగిలేలా మాట్లాడుతున్న ఆ నటి ముఖం మీద ఒక్క చూపు కూడా నిలవలేదు.

అయితే అసలు నష్టం అది కాదు. మంటలను కళ్లారా చూసిన ప్రేక్షకుడు కసాండ్రాను నమ్మేస్తాడు. అతడు నమ్మేశాక, ఆమెను నమ్మని ఆర్గోస్ వృద్ధులు అతడికి ఒట్టి మూర్ఖులుగా కనిపిస్తారు. వాళ్లకూ తనకూ సంబంధం లేదనుకుని అతడు కుర్చీలో వెనక్కి వాలిపోతాడు. ఆ చోట నేనుంటే నేనూ నమ్మి ఉండేవాణ్ణి కాదేమో అన్న అనుమానం ప్రేక్షకుడి మనసులో ఒక్కసారైనా కలగకపోతే కసాండ్రా కథకు పట్టు లేదు. మరి ఈ కథను నాటకంగా చూసిన ప్రాచీన ఏథెన్సు ప్రేక్షకులకు అగమెమ్నాన్ చనిపోతాడని ముందే తెలుసు కదా అని మీరు అడగవచ్చు. తెలుసు. కానీ వాళ్లకు తెలిసింది చిన్నప్పటి నుంచి విన్న కథగా. వేదిక మీద వాళ్ల కళ్లకు ఎదురుగా ఉన్నవి ఒక మూసిన తలుపూ, ఒక పరాయి దేశపు స్త్రీ, ఏం చేయాలో తోచని కొందరు ముసలివాళ్లూ మాత్రమే.

ప్రాచీన గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ క్రీ.పూ. 458లో ఏథెన్సులో ప్రదర్శించిన 'అగమెమ్నాన్' నాటకంలో ఈ ఘట్టం ఎలా కట్టాడో మీ రచయితా మీరూ కలిసి కూర్చుని పంక్తి పంక్తి చదవండి. మీ నాటకం ఎంత ఆధునికమైనదైనా ఆ కట్టుబడి మీకు ఉపయోగపడుతుంది. అక్కడ పాటలతో, మాటలతో కథలో పాల్గొనే ఆర్గోస్ వృద్ధుల బృందం (గ్రీకు నాటకాల కోరస్) కసాండ్రాను మొదటి నుంచీ కొట్టిపారేయదు. ఆ ఇంట్లో పూర్వం జరిగిన ఘోరాన్ని, అంటే పిల్లలను చంపి వాళ్ల మాంసాన్ని కన్నతండ్రికే వడ్డించిన సంగతిని, ఆమె చెప్పినప్పుడు వాళ్లు ఆశ్చర్యపోతారు. సముద్రం అవతల పెరిగినదానివి, దగ్గరుండి చూసినట్టు ఎలా చెబుతున్నావని అడుగుతారు. నీ మాట నమ్మదగినదిగానే ఉందని కూడా అంటారు. గతం విషయంలో వాళ్లకు ఏ అభ్యంతరమూ లేదు. మాట భవిష్యత్తులోకి తిరిగిన క్షణమే వాళ్ల చెవులు మూసుకుంటాయి. చివరికి ఆమె దాపరికం లేకుండా, నువ్వు అగమెమ్నాన్ చావును చూస్తావని చెప్పేస్తుంది. అప్పుడు వాళ్ల నాయకుడు, అశుభం పలకకు, నోరు మూసుకో అని మందలిస్తాడు. వెంటనే ఆ పని చేయబోయే మగవాడు ఎవరని అడుగుతాడు! చంపబోయేది ఒక స్త్రీ అని ఆమె అప్పటిదాకా చెబుతున్న మాట అతడి తలకెక్కనే లేదు. నేను గ్రీకు భాషలోనే చెబుతున్నాను కదా అని కసాండ్రా అంటుంది. దేవుడి వాక్కులు కూడా గ్రీకులోనే ఉంటాయి, అయినా అర్థం కావు అని అతడి సమాధానం.

ఇందులో నుంచి మీ రచయితకు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. కసాండ్రా మాటలు చివరికి వచ్చేసరికి తేటగా ఉండాలి. ఆమెకు తగిలిన శాపం మాట అర్థం కాకపోవడం కాదు, అర్థమైన మాటను ఎవరూ నమ్మకపోవడం. తెలుగు నాటకాలలో భవిష్యత్తు చెప్పే పాత్ర రాగానే కలానికి పొడుపుకథల ధోరణి పట్టుకుంటుంది. ఆ ధోరణిలో రాస్తే వృద్ధులు నమ్మకపోవడానికి ఆమె భాషే కారణమైపోతుంది. ఈస్కిలస్ ఈ క్రమాన్ని సంగీతంతో సాధించాడు. మామూలుగా బృందం పాడితే నటుడు మాట్లాడతాడు. ఇక్కడ మొదట ఆమె పాడుతుంది, వాళ్లు మాటలతో జవాబిస్తారు. కాసేపటికి ఆమె ఆందోళన వాళ్లకూ సోకి వాళ్లూ పాటలోకి జారతారు. ఆ తర్వాత ఆమె పాట మానేసి, ముసుగులో నుంచి చూసే కొత్త పెళ్లికూతురిలా ఇక చెప్పనని, నిలకడగా మాట్లాడటం మొదలుపెడుతుంది. పాట నుంచి మాటకు దిగే ఆ మెట్టు మీ నాటకంలో కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి. అప్పటిదాకా పద్యమో పాటో ఏది వాడినా, అక్కడి నుంచి రోజూ మాట్లాడుకునే తెలుగు వాడండి.

ఆమె మౌనం గురించి మీరు అడగలేదు గానీ, నా దృష్టిలో దర్శకుడి అసలు పని అక్కడే ఉంది. ఆ నాటకం మొత్తం 1,673 పంక్తులు. కసాండ్రా రథం మీద వచ్చేది సుమారు 780వ పంక్తి దగ్గర, నోరు విప్పేది 1,072వ పంక్తిలో. మధ్యలో రాజు ఊదారంగు బట్టల మీద నడిచి ఇంట్లోకి వెళ్లిపోతాడు, బృందం ఒక పాట పాడుతుంది. రాణి క్లైటెమ్నెస్ట్రా మళ్లీ బయటికి వచ్చి ఆమెను లోపలికి రమ్మని ఆజ్ఞాపిస్తుంది. భాష తెలియకపోతే చేతితోనైనా సైగ చేయమంటుంది. కసాండ్రా పలకదు. మహారాజునే మాటలతో లొంగదీసిన ఆ రాణి, ఈ బందీ ముందు నిలబడే తీరిక తనకు లేదని విసుక్కుని లోపలికి పోతుంది. ఆ మౌనాన్ని చూసి ఇది మాటలు లేని పాత్ర అని ప్రేక్షకులు అనుకునే సమయానికి, ఆమె గొంతులో నుంచి మాట కాని ఒక కేక వెలువడుతుంది.

నా రెండో నాటకంలో ఆ మౌనం 11 నిమిషాలు సాగింది. మొదటి వారం రిహార్సల్స్‌లో ఆ నటి మౌనాన్ని అభినయించింది. నిట్టూర్చింది, వేళ్లు నలుపుకుంది, పైకి చూసింది. అవన్నీ మాన్పించి రెండే పనులు ఇచ్చాను. తలుపు గడియ మీద చూపు నిలపడం ఒకటి, వేదిక మీద పలికే ప్రతి మాటనూ నిజంగా వినడం రెండవది. ఎంత వింటే అంత కదలిక తగ్గింది. మోకాళ్లు పట్టేయకుండా బరువును ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదకు మార్చుకునే చోట్లు మాత్రం ముందే నిర్ణయించుకున్నాము. ఇతర పాత్రలు కదిలే సమయంలోనే ఆమె బరువు మార్చుకునేది కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు.

ఇక ఆ కేక. గ్రీకు మూలంలో అది "ఒతొతొతొతొయ్ పొపొయ్ దా" అని ఉంటుంది. దాన్ని "అయ్యో" అనో "అమ్మా" అనో తెలుగు చేయవద్దని నా సలహా. తెలుగు చెవికి ఆ మాటలు బాగా పరిచయమైనవి కనుక వెంటనే జాలి పుట్టిస్తాయి. ఇక్కడ ముందు కలగవలసింది జాలి కాదు, ఉలికిపాటు. మేము మూలంలోని ధ్వనినే ఉంచాము, ప్రేక్షకులలో ఎవరూ దాని అర్థం అడగలేదు. గొంతు పాడవకుండా దాన్ని పొత్తికడుపు నుంచి తీయడం నేర్పించాలి. రిహార్సల్స్‌లో రోజుకు రెండుసార్లకు మించి పూర్తి స్థాయిలో చేయించకండి.

ఆమెకు వరం ఇచ్చి, తర్వాత శపించిన దేవుడి పేరు దగ్గర మరొక చిక్కు ఉంది. "అపోలో" అనగానే మన ప్రేక్షకులకు ఆసుపత్రో మందుల దుకాణమో మనసులో మెదులుతుంది. మా మొదటి చదువులోనే ఇద్దరు నటులకు నవ్వు ఆగలేదు. గ్రీకు ఉచ్చారణకు దగ్గరగా "అపొల్లోన్" అని వాడాక ఆ ఇబ్బంది పోయింది. గ్రీకులో ఆ పేరుకు "నాశనం చేసేవాడు" అనే మాటతో ధ్వనిసామ్యం ఉంది, కసాండ్రా ఆ శ్లేషను వాడుకుంటుంది కూడా. తెలుగులో ఆ శ్లేష రాదు. దానికోసం రచయిత మరో చమత్కారం కల్పించే కన్నా ఆ పేరును ఆమె చేత రెండుసార్లు పిలిపించి వదిలేస్తే చాలు.

పూర్వకథ సంగతికి వస్తాను. ప్రేక్షకులకు ముందుగా తెలియవలసినవి మూడే. పదేళ్ల యుద్ధం తర్వాత ట్రాయ్ కూలింది. ఈమె ఆ రాజు కూతురు, ఇప్పుడు బందీ. యుద్ధానికి బయలుదేరేటప్పుడు అనుకూలమైన గాలి కోసం అగమెమ్నాన్ తన కూతురు ఇఫిజినియాను ఔలిస్ రేవులో బలి ఇచ్చాడు, ఆ పిల్ల తల్లి క్లైటెమ్నెస్ట్రా ఇంట్లో ఎదురుచూస్తోంది. వీటిని సంభాషణలలోనే ఇమడ్చవచ్చు, సూత్రధారుడు అవసరం లేదు. శాపం సంగతి మాత్రం వీలైనంత ఆలస్యంగా చెప్పండి. మీరు పంపిన కథాసంగ్రహంలో శాపం మొదటి దృశ్యంలోనే ఉంది. అలా చేస్తే వృద్ధులు నమ్మకపోవడానికి దేవుడి మహిమే కారణమని ప్రేక్షకుడు నిశ్చింతగా ఉండిపోతాడు. శాపం తెలియకుండా చూసినప్పుడు అతడికి మనుషుల కారణాలు కనిపిస్తాయి. ఆమె పరాయిది, బానిస, స్త్రీ, మాటలో తడబాటు ఉంది, ఆమె చెప్పేది నిజమైతే వీళ్లు లేచి ఏదో ఒకటి చేయవలసి వస్తుంది. ఈస్కిలస్ కూడా ఆమె చాలాసేపు మాట్లాడిన తర్వాతే, దేవుడికి మాట ఇచ్చి తప్పినందుకు తనను ఎవరూ నమ్మడం లేదని ఆమె నోటనే చెప్పించాడు.

ఆ వృద్ధుల పాత్రలకు మీ ఆరుగురిలో కనీసం ముగ్గురిని కేటాయించండి, మంచి నటులను కేటాయించండి. మా రిహార్సల్స్‌లో ప్రతి ఒక్కరికీ ఒక కాగితం ఇచ్చి, ఆమెను ఎందుకు నమ్మడం లేదో మూడు వాక్యాలలో రాయమన్నాను. ఒకాయన ఇలా రాశారు: "ఈమె చెప్పేది నిజమైతే నేను వెళ్లి ఆ తలుపు తీయాలి. లోపల ఏముందో చూడాలి. ఈ వయసులో నాకు ఆ ధైర్యం లేదు కాబట్టి ఈమెకు మతి చలించిందని అనుకుంటాను." ఆ మూడు వాక్యాల నుంచే ఆయన నడక, చూపు, ఆమెకు నీళ్లు ఇవ్వబోయి చేయి వెనక్కి తీసుకోవడం అన్నీ పుట్టాయి. మూల నాటకంలో రాజు లోపల నుంచి అరిచిన తర్వాత కూడా పన్నెండుమంది వృద్ధులు వరుసగా తలా రెండు పంక్తులు పలుకుతూ ఏం చేయాలో తర్కించుకుంటారు. ఒక్కరూ లోపలికి పోరు.

తెలుగులో వేస్తున్నారు కాబట్టి ఒక హెచ్చరిక. కసాండ్రా చేత ఎరుకలసాని పలుకుబడిలోనో కాలజ్ఞానం ధోరణిలోనో మాట్లాడించాలన్న ఆలోచన రావడం సహజం, నాకూ వచ్చింది. కానీ మన చెవికి ఆ ధోరణి నమ్మకంతో ముడిపడి ఉంది. ఏదైనా వింత జరిగితే బ్రహ్మంగారు అప్పుడే చెప్పారని అనుకునే జనం మనం. ఆ శ్రుతి వినిపించగానే ప్రేక్షకులు భక్తితో తలాడిస్తారు, మీకు కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకమైనది. ఆమెను ఆర్గోస్‌లోనే, పరాయిదానిగానే ఉంచండి.

అలాగే ఆమెను పిచ్చిదానిగా నటింపజేయకండి. జుట్టు విరబోసుకుని గిరగిర తిరగడం వల్ల వృద్ధుల అభిప్రాయాన్ని మీరే బలపరచినవారవుతారు. మరో ప్రాచీన గ్రీకు నాటకకర్త యూరిపిడిస్ క్రీ.పూ. 415లో ప్రదర్శించిన 'ట్రోజన్ స్త్రీలు' నాటకంలో ఆమె కాగడా పట్టుకుని తన పెళ్లిపాట తానే పాడుకుంటూ వస్తుంది. అక్కడ కూడా కాసేపటికి నిలకడగా నిలబడి, గెలిచిన గ్రీకుల కన్నా ఓడిన ట్రాయ్ ప్రజలే ధన్యులని కారణాలతో సహా వాదిస్తుంది. ఆమె తెలివి చెక్కుచెదరలేదన్నదే ఆ పాత్రలోని బాధ.

దుస్తులు ఏ కాలానివైనా ఫరవాలేదు, నేను రెండోసారి ఇప్పటి దుస్తులే వాడాను. అయితే ఒక వస్తువును మాత్రం వదులుకోకండి. కసాండ్రా దేవుడి సేవకు గుర్తుగా చేతికర్ర, తలకు ఊలు పట్టీలు ధరించి ఉంటుంది. చావు ఖాయమని తేలాక వాటిని తీసి నేలకు కొడుతుంది. ఆమె తన చేతులతో తీసి పారేయగలిగినది ఏదో ఒకటి ఒంటి మీద ఉండి తీరాలి. మేము గొంగళ్లు నేసేవారి దగ్గర వడకని ఊలు అడిగాము. నల్లది జుట్టులో కలిసిపోయి చివరి వరుసకు కనిపించదని, వెతికి తెల్లది తెప్పించుకున్నాము. పచ్చి ఊలుకు ఒక గుణం ఉంది. చెమట పట్టిన చేతులతో లాగి పారేస్తే పోగులు వేళ్లకు అంటుకునే ఉంటాయి. మా నటి దాన్ని విసిరేసిన తర్వాత, తన చావు గురించి మాట్లాడుతూనే, వేళ్ల మీది ఆ పోగులను ఒక్కొక్కటిగా తీసుకుంటూ ఉండేది. అది నేను చెప్పి చేయించినది కాదు, ఆ ఊలు చేయించినది. ప్లాస్టిక్ దండ వాడి ఉంటే ఆ క్షణం మాకు దక్కేది కాదు.

లైటింగ్ విషయంలో ఒక్కటే చెబుతాను. దర్శనం రాగానే లైట్లను ఎర్రగానో నీలంగానో మార్చకండి, మైకులో ప్రతిధ్వని పెట్టకండి. ఏథెన్సులో ఇదంతా అక్రోపోలిస్ కొండ దక్షిణపు వాలులో, ఆరుబయట, పట్టపగలు జరిగింది. మామూలు వెలుతురులో, మామూలు గొంతుతో చెప్పిన భయంకరమైన మాటకే బరువు ఎక్కువ. 2018 జూన్ 11న సిసిలీలోని సిరక్యూజ్ ప్రాచీన రంగస్థలంలో ఇటాలియన్ రచయిత ఆండ్రియా కామిల్లేరి 92 ఏళ్ల వయసులో, చూపు పోయిన తర్వాత, మరో గ్రీకు ద్రష్ట అయిన అంధుడు టైరీసియస్ తానే అయి ఒక ఏకపాత్ర ప్రదర్శించారు. ఒక ముసలాయన కుర్చీలో కూర్చుని మాట్లాడితే వేలమంది విన్నారు. ద్రష్ట పాత్రకు అంతకన్నా ఎక్కువ హంగు అక్కరలేదు. ప్రొజెక్టర్ ఇప్పటికే అద్దెకు తీసుకుని ఉంటే, ఆమె మాట్లాడుతున్నంతసేపూ వింటున్న ఒక వృద్ధుడి ముఖాన్ని కెమెరాతో అప్పటికప్పుడు తెర మీద పెద్దదిగా చూపండి. అది ఒక్కటే నేను ఒప్పుకోగల ఉపయోగం.

నటుల కొరత మీకు మేలు కూడా చేయవచ్చు. పారిస్‌లోని తెయాత్ర్ దు సొలెయ్ బృందం 1990 నుంచి కొన్నేళ్ల పాటు ఆడిన అట్రియస్ (అగమెమ్నాన్ తండ్రి) వంశపు నాటకాల వరుసలో, కథకళి ప్రభావం బాగా ఉన్న ఆ ప్రదర్శనలో, మన దేశపు నటి నిరుపమా నిత్యానందన్ ఇఫిజినియాగానూ కసాండ్రాగానూ నటించారు. తండ్రి బలి ఇచ్చిన పిల్ల ముఖమే, అదే తండ్రి తెచ్చిన బందీలో మళ్లీ కనిపించడం వల్ల, రాణి ఆమెను చంపే ఘట్టానికి ఎంత లోతు వస్తుందో ఆలోచించండి. మీ నాటకంలో ఇఫిజినియా ఒక్క నిమిషం కనిపించినా ఆ పాత్రను కసాండ్రా నటికే ఇవ్వండి.

ట్రాయ్ కూలిన రాత్రి గుడిలో ఆమెపై జరిగిన అత్యాచారాన్ని, దేవుడు ఆమెను కోరిన సన్నివేశాన్ని వేదిక మీద చూపించవద్దు. మాటలో వస్తే చాలు. ఆ మాటలున్న రిహార్సల్‌కు ముందు నటితో విడిగా మాట్లాడి, ఆమెకు ఏది ఇబ్బందో తెలుసుకుని మొదలుపెట్టండి. మరో చిన్న సంగతి: గ్రీకు మూలానికి హక్కుల సమస్య లేదు గానీ ఈ కాలపు అనువాదాలకు ఉంటుంది. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్లు గడిచేదాకా హక్కులు ఉంటాయి కాబట్టి, మీ రచయిత ఎవరి అనువాదం నుంచైనా పంక్తులు తీసుకుని ఉంటే ముందే అనుమతి తీసుకోండి.

చివరి నిష్క్రమణకు కావలసినంత సమయం ఇవ్వండి. కసాండ్రా తలుపు దాకా వెళ్లి వెనక్కి అడుగు వేస్తుంది. ఇల్లు రక్తపు వాసన కొడుతోందంటుంది. అది బలిపశువుల వాసనే అని వృద్ధుడు సర్దిచెబుతాడు. సమాధిలో నుంచి వచ్చే ఆవిరిలా ఉందని ఆమె అంటుంది, తర్వాత తనంతట తానే లోపలికి నడుస్తుంది. మా నాటకంలో ఆమె తలుపును బెత్తెడు తెరిచి ఉంచి వెళ్లేది. భయపడి కాగితం రాసిన ఆ వృద్ధుడి పాత్రధారి వెళ్లి దాన్ని మూసి గడియ పెట్టాలన్నది నేను అనుకున్న ముగింపు. మూడో ప్రదర్శనలో ఆయన చేయి గడియ మీద వేసి అలాగే ఆగిపోయారు. లైట్లు చూసే అబ్బాయికి నేను సైగ చేసి ఆపాను, దాదాపు అర నిమిషం వెలుతురు తగ్గలేదు. ఆ చేయి మూయనూ లేదు, తెరవనూ లేదు. తర్వాతి ప్రదర్శనలన్నిటిలోనూ అదే ఉంచాము. మీ తలుపుకు చప్పుడయ్యే నిజమైన ఇనుప గడియ పెట్టించండి, అట్టముక్కతో చేసినది పనికిరాదు.